డాబా మీద ఇసుక పొయ్యనన్న నర్సరీ

నల్లగొండ నుంచి దేవరకొండ రోడ్డు పట్టుకుంటే, ఊరు అయిపోయిందా లేదా అన్నట్టుండే చోట ఎడమచేతి పక్క కుండీలు పేర్చి కనిపిస్తాయి. బోర్డు ఎండకు వెలిసిపోయి పేరు చదవరాదు. మా గల్లీలో అందరూ 'ఆంధ్రాయన తోట' అంటారు. నడిపేది కడియం వైపు నుంచి వచ్చి పన్నెండేళ్ల కింద ఇక్కడ స్థిరపడ్డ ఒకాయన. మొక్కలు అమ్మడమే కాదు, ఇంటికొచ్చి తోట కూడా కట్టిచ్చి పోతాడు. జనవరి చివర్లో నేను ఆయనతో పని చేయించుకున్నాను. రాస్తున్నది ఆగస్టులో. మొక్క నాటిన వారానికే ఐదు చుక్కల రివ్యూ పెట్టేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. నల్లగొండ మే నెల చూడని మొక్క గురించి ఏం చెప్తాం?

మొదలుపెట్టింది మా అమ్మాయి. విశాఖలో చదువుతుంది. అక్కడికి పోయినప్పటి నుంచి వారానికోసారి బీచ్ ఇళ్ల ఫొటోలు పంపిస్తుంది. తెల్లటి గోడలు, నీలం తలుపులు, పరిచిన ఇసుక మీద పేము కుర్చీ, పక్కన తాడు చుట్టిన లాంతరు. "అమ్మా, మన డాబా మీద ఇట్ల చేద్దాం, మస్తుగుంటది" అని. ఒకసారి మాత్రం అటువైపు పల్లెలో చుట్టిల్లు ఫొటో పంపింది. గుండ్రటి మట్టిగోడ, దాని మీద టోపీ పెట్టినట్టు గడ్డి కప్పు. ఏ మూలా లేకపోతే తుఫాను గాలి కొట్టడానికి చోటు దొరకదు, చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది. నాకు అన్ని ఫొటోల్లోకీ అదే నచ్చింది. అమ్మాయి దాన్ని పొరపాటున పంపిందట.

సంక్రాంతి సెలవులకు అందరం సూర్యలంక పోయాం. మిర్యాలగూడ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, బాపట్ల చేరేసరికి మధ్యాహ్న భోజనం వేళయింది. అక్కడి నుంచి సముద్రం 9 కిలోమీటర్లు. మేం దిగిన రూములో దిండు మీద లంగరు బొమ్మ, గోడకు ప్లాస్టిక్ చేప. అవి చూసి అమ్మాయి మురిసిపోయింది. నేను మాత్రం పొద్దున్నే లేచి జాలరుల ఇళ్ల వైపు నడిచాను. చూరు నడుము దాకా వంగిన తాటాకు ఇళ్లు. వాకిలంతా ఇసుకే. పొద్దున్నే ఊడ్చి, నీళ్లు చల్లి ఉంచారు. దడి పక్కన బిళ్ళగన్నేరు ఉత్త ఇసుకలో గుత్తులు గుత్తులుగా పూసి ఉంది. ఎవరు నీళ్లు పోస్తారమ్మా అని ఒకామెను అడిగితే, దానికి నీళ్లు పోసేదెవరండీ అని నా వైపు వింతగా చూసింది. ఇంకా ముందుకు పోతే ఇసుక దిబ్బ మీద మేక డెక్క ఆకారపు ఆకులతో ఒక తీగ, ఊదా పూలు. దిబ్బ గాలికి ఎగిరిపోకుండా పట్టుకునేది అదే. దాని వెనక సర్వి తోపు. 25 ఏళ్లుగా ఎడారి మొక్కలు, ఉప్పునేల మొక్కలు అని నల్లబోర్డు మీద బొమ్మలు గీసినదాన్ని, వాటి మధ్య నిలబడి చూడటం అదే మొదటిసారి.

తిరిగి ఇంటికొచ్చాక తెలిసింది, మా మరిది కారు డిక్కీలో రెండు సిమెంటు బస్తాల నిండా బీచ్ ఇసుక వేసుకొచ్చాడని. దాని సంగతి తర్వాత చెప్తాను.

నర్సరీకి నేను ఒక జాబితా రాసుకుని పోయాను. డాబా మీద 10 అడుగులకు 10 అడుగులు ఇసుక, నాలుగు అరేకా పామ్‌లు, ఆరు స్పైడర్ ప్లాంట్లు, రెండు డ్రసీనాలు, అంచుకు తెల్ల గులకరాళ్లు. ఆయన జాబితా చదివి మడతపెట్టి నా చేతికే ఇచ్చాడు. "టీచర్ గారండీ, మూడు మాటలు అడుగుతానండి. నీళ్లు ఎక్కడివండి? డాబా ఎప్పటిదండి? మే నెల్లో నీళ్లెవరు పోస్తారండి?"

మొక్కలకు బోరు నీళ్లేనని, ఇల్లు 2009లో కట్టిందని, మే నెలలో మేం పదిహేను రోజులు మా అమ్మగారి ఊరికి పోతామని చెప్పాను. రేపు వచ్చేటప్పుడు బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకురమ్మన్నాడు. తెల్లారి తీసుకుపోతే పెన్ను లాంటి మీటరు అందులో ముంచాడు. 1,480 చూపించింది. "మీ నీళ్లకి అరేకా బతుకుతుందండి. కానీ కొస మాడిపోద్దండి. స్పైడరూ అంతేనండి. మూడు నెలలకి మీరొచ్చి నన్ను తిడతారండి" అన్నాడు.

ఇక్కడ నాకు సిగ్గేసింది. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో చెప్తుంది తప్ప ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. అది ల్యాబులోనే తెలియాలి. మేం మూడేళ్ల కింద చేయిస్తే లీటరుకు 2.3 మిల్లీగ్రాములు వచ్చింది. తాగే నీళ్లలో 1.5 దాటకూడదు. అందుకే తాగడానికి ప్రభుత్వ మిషన్ భగీరథ నల్లా, మిగతా అన్నిటికీ బోరు. మన జిల్లా పేరు మీద నీళ్లు శుద్ధి చేసే పద్ధతే ఒకటుంది, నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించడం. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. ఏటా పిల్లలకు చెప్తాను. పళ్ల మీద మచ్చలు, వంగిన ఎముకలు, అన్నీ చెప్తాను. కానీ మా ఇంట్లో కిటికీ దగ్గర స్పైడర్ ప్లాంటు ఆకుల కొసలు రెండేళ్ల నుంచి గోధుమరంగుకు తిరిగి ఎండిపోతుంటే, నీళ్లు తక్కువయ్యాయని ఇంకో చెంబు పోశాను! వేరు పీల్చిన నీటితో పాటు ఫ్లోరైడ్ ఆకు కొస దాకా పోతుంది. నీరు ఆవిరైపోతుంది, అది అక్కడే మిగిలి పేరుకుంటుంది, కొస చచ్చిపోతుంది. స్పైడర్, డ్రసీనా ఈ విషయంలో మరీ సుకుమారం. నేను ఇంకో చెంబు పోసిన కొద్దీ ఇంకొంచెం ఎక్కించినట్టే. జీవశాస్త్రం టీచరుకు నర్సరీ ఆయన చెప్పాల్సి వచ్చింది.

ఆయన మాటల్లో పనికొచ్చింది ఇదే. "మీకు సముద్రం కావాలంటే సముద్రం దగ్గరుండే మొక్కలే పెట్టుకోండి. అవి ఉప్పు చూసినవండి, ఎండ చూసినవండి. ఫొటోలో కనపడేవి ఏసీ గదిలోవండి." నేను ఇసుకలో చూసొచ్చింది అదే కదా, మళ్లీ అరేకా జాబితా ఎందుకు రాశానో నాకే అర్థం కాలేదు. ఫొటోలు అట్లా పట్టుకుంటాయి మనిషిని.

డాబా సంగతికి వస్తే మాత్రం ఆయన మొండికేశాడు. "ఇసుక పొయ్యనండి. డబ్బులిచ్చినా పొయ్యనండి." లెక్క కూడా చెప్పాడు. పదికి పది అడుగుల చోట రెండంగుళాల మందం పోస్తే దాదాపు 17 ఘనపుటడుగులు. ఎండు ఇసుకే ఘనపుటడుగు 45 కిలోల దాకా తూగుతుంది. అంటే ముప్పావు టన్ను. వాన పడితే ఇంకా పెరుగుతుంది. ఇంజనీరైన మా మేనల్లుడికి ఫోన్ చేసి అడిగితే, మనుషులు తిరిగే డాబాకు చదరపు మీటరుకు 150 కిలోలు లెక్కపెట్టి డిజైన్ చేస్తారత్తా, ఆ ఇసుకే 80 తింటది, దాని మీద కుండీలు, కుర్చీలు, మీ కిట్టీ పార్టీ ఎక్కడ పెడతరు అన్నాడు. పైగా మొదటి వానకే ఇసుక కొట్టుకుపోయి పైపులో బిగుసుకుంటుంది. అప్పుడు డాబా మీద నిజంగానే సముద్రం తయారవుతుంది. దాని చెమ్మ మా పడకగదిలోకి దిగుతుంది.

అమ్మే మనిషే అమ్మనన్నాడు. ఆ ఇసుక నాకు అంటగట్టి ఉంటే ఒక ట్రిప్పు డబ్బులు ఆయనకొచ్చేవి. అంతకుముందు ఇదే ఫొటో చూపిస్తే, టౌన్‌లో ఇంటీరియర్ పని చేసే ఒక కుర్రాడు డాబాకు 65,000 చెప్పి ఇసుక బరువు ఊసే ఎత్తలేదు. అందుకే ఈ రివ్యూ రాస్తున్నాను.

మా మరిది ఇసుకను ఆయన చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. ఉప్పు. బకెట్లో కడిగి మీటరు పెడితే అంకెలు మా బోరును కూడా మించిపోయాయి. రెండోసారి కడిగినా అదే కథ. మొక్కలకు వేస్తే వేళ్లు నీళ్లు పీల్చుకోలేక ఎండిపోతాయట. కాంక్రీటులో వాడితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. అదీగాక తీరం ఇసుక తవ్వి తెచ్చుకోవడం కోస్తా నియంత్రణ నిబంధనలకు విరుద్ధం. దిబ్బలు పోతే తుఫానుకు అడ్డం పోయినట్టే. మరిదికి ఈ ముక్క చెప్పాను. "రెండు బస్తాలకే తుఫాన్ ఒస్తదా వదినా?" అన్నాడు. ఆ బస్తాలు ఇప్పుడు బాత్‌రూం రేకు గాలికి లేవకుండా బరువుకు పెట్టాం. బాగానే ఆగుతున్నాయి.

ఇక చేసిన పని. డాబా మీద తోట లేదు. సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపి డాబాకు రెండు చేతులు తెల్లగా కొట్టించాడు. ఆ కూలీ, సరుకు 2,800. కింద గదిలో మేలో తేడా తెలిసింది. అంతకుముందు రాత్రి పదింటికి కూడా పైకప్పు కుంపటిలా ఉండేది. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చినప్పుడు 600 గజాలు, ఆ పైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి చేసింది. మాది 200 గజాలు, మమ్మల్ని అడిగేవాళ్లు లేరు. అయినా మా అమ్మాయి అడిగిన తెల్లదనం, నాకు కావాల్సిన చల్లదనం ఒక్క బకెట్ సున్నంతోనే వచ్చాయి. అమ్మాయి ఫొటోల్లో ఎవరూ ఈ ముక్క చెప్పలేదు.

తోటంతా గేటు లోపల, 12 అడుగులకు 20 అడుగుల నేల మీద. ఉన్న మట్టిని అడుగు లోతు తీయించి, ఒక పాలు ఎర్రమట్టి, రెండు పాళ్లు దొడ్డు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి నింపాడు. నడిచే దారికి తెల్ల గులకరాళ్లు వద్దన్నాడు. మధ్యాహ్నం ఆ మెరుపుకు కళ్లు తెరవలేరండీ అని. క్రషర్ నుంచి బేబీ చిప్స్ తెప్పించాడు. మన గ్రానైటు కంకర బూడిదరంగులో ఉంటుంది కదా, తడిస్తే అచ్చం వాన పడిన ఒడ్డులాగే ఉంది. గోడ పొడవునా సర్వి కర్రలు పన్నెండు పాతి, వాటికి కొబ్బరి తాడు రెండు వరసలు కట్టాడు. కర్ర ఒక్కోటి 150. వీటిని మన దగ్గర సెంట్రింగ్‌కు తప్ప వాడటం నేను చూడలేదు. మేస్త్రీ ఒకాయన గేటు దగ్గర ఆగి స్లాబ్ ఎప్పుడేస్తున్నరు మేడం అని అడిగిపోయాడు.

మొక్కలు: రెండు కాగితం పూల తీగలు, మూడు గన్నేర్లు, బిళ్ళగన్నేరు ఓ పాతిక, ముందు వరసలో గడ్డి గులాబీ, ఒక మూల కలబంద, ఒక పొట్టి కొబ్బరి. గన్నేరు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. దాని ఆకు అడుగున పత్రరంధ్రాలు చిన్న చిన్న గుంతల్లో, వాటి చుట్టూ నూగుతో దాక్కుని ఉంటాయి. నీరు ఆవిరైపోకుండా అదొక ఉపాయం. తొమ్మిదో తరగతి వాళ్లను ఆదివారం ఇంటికి పిలిచి ఆకు కోసి మైక్రోస్కోపులో చూపించాను. అయితే ఒక మాట. గన్నేరులో ఆకు, పువ్వు, కాండం, అన్నీ విషమే. పసిపిల్లలున్నా, మేకలున్నా ఆలోచించుకోవాలి. నర్సరీ ఆయన ఈ సంగతి చెప్పలేదు. నేను తెలిసిన మనిషినని ఊరుకున్నాడేమో గానీ, అందరికీ చెప్పాలి. కొమ్మలు కత్తిరిస్తే చేతులు కడుక్కోండి, వాటిని పొయ్యిలో పెట్టకండి.

ఎండాకాలం లెక్క చెప్పనా? పాతిక బిళ్ళగన్నేర్లలో ఇరవై ఒకటి బతికాయి. గన్నేర్లు మూడూ బాగున్నాయి. కాగితం పూలు మేం ఊళ్లో లేని ఆ పదిహేను రోజుల్లోనే విరగబూశాయి. నీళ్లు తగ్గితేనే వాటికి పూలు ఎక్కువ. పక్కింటి అక్క రెండురోజులకోసారి పైపు పట్టింది, అంతే. గడ్డి గులాబీ ఎండకు కాదు, కోతులకు పోయింది. పీకి, వేళ్లు చూసి, పక్కన పడేసి పోయాయి, పరీక్ష పేపర్లు దిద్దినట్టు. బీచ్ ఇళ్ల ఫొటోల్లో కోతి ఒక్కటి కూడా ఉండదు, గమనించండి. కొబ్బరి ఇంకా కుంటుతూనే ఉంది. కొత్త ఆకు ఒక్కటే వచ్చింది. గుప్పెడు గళ్లుప్పు పాదులో వేయమన్నాడు, కోనసీమలో వేస్తారని. కొబ్బరికి క్లోరిన్ కావాలన్నది నిజమే. కానీ మా నీళ్లలో ఉన్నది చాలనిపించి నేను వేయలేదు. మీ నీళ్లు తీయగా ఉంటే వేసుకోండి.

కూర్చునే చోట దిండ్లకు కొయ్యలగూడెం చేనేత దుప్పటి ఒకటి కోసి గలేబులు కుట్టించాను. నీలం, తెలుపు ఇక్కత్. ఆన్‌లైన్‌లో గవ్వల తెర కూడా ఒకటి కొన్నాను. సగం విరిగి వచ్చింది, మిగతా సగం నీచు వాసన. దాని గురించి ఇంతకంటే రాయను.

మొత్తం ఖర్చు, డాబా సున్నంతో కలిపి, 19,400. మొదట చెప్పింది 18,000. పెరిగిన 1,400 మట్టి ఎత్తిపోసిన ట్రాక్టరుకట. ముందే చెప్పి ఉండాల్సింది. బిల్లు అడిగితే బీడీ కట్ట కాగితం అంత ముక్క మీద రాసిచ్చాడు. మా సారు రిటైరైన ఆడిటాఫీసు మనిషి, దాన్ని ఇప్పటికీ బీరువాలో పెట్టుకుని అప్పుడప్పుడు తీసి నిట్టూరుస్తాడు. రెండు రోజుల పని అన్నది ఆరు రోజులైంది. మధ్యలో మూడు రోజులు తవ్విన గుంతల పక్క నుంచి స్కూటీ తీసుకుంటూ బడికి పోయాను. ఉచితంగా ఇచ్చిన కుండీలు పల్చటి ప్లాస్టిక్‌వి, ఏప్రిల్‌లోనే పగుళ్లిచ్చాయి. మట్టి కుండీలు అడిగి కొనుక్కోండి.

కడియం నుంచి ఆయనకు లారీ గురువారం తెల్లవారుజామున దిగుతుంది. ఆ పొద్దున పోతే మొక్క తాజాగా దొరుకుతుంది. మంగళ, బుధవారాల్లో మిగిలినవి అంటగడతాడు, అది కూడా చూశాను. బేరం ఆడితే పదో పాతికో తగ్గిస్తాడు గానీ, అప్పుడు చిన్న మొక్క ఎత్తి చేతిలో పెడతాడు. బోరు నీళ్ల సీసా పట్టుకుపోతే డబ్బులు తీసుకోకుండా చూసి చెప్తాడు. నీళ్ల సీసా లేకుండా పోయినవాళ్లకు అడిగిందల్లా అమ్మేస్తున్నాడని మా స్కూల్ తెలుగు మేడం కంప్లయింటు. ఆమె ఇంట్లో నాలుగు అరేకాలు ఉన్నాయి, నాలుగింటికీ కొసలు మాడాయి.

తాడు చుట్టిన లాంతరు సంగతి మిగిలింది. అమ్మాయి కోసం గేటు దగ్గర సర్వి కర్రకు కట్టించాను. జూన్‌లో ఒక కోతి దాన్ని పట్టుకుని ఉయ్యాల ఊగింది. అప్పటి నుంచి కర్ర రోడ్డు వైపు వాలి ఉంది. పాతేటప్పుడు అడుగున్నర లోతు తియ్యమన్నాను, ముప్పావు అడుగుతో సరిపెట్టారు, అది నా కళ్లతో చూశాను. మూడు వారాల నుంచి ఫోన్ చేస్తున్నాను. నిన్న కూడా "రేపొచ్చేస్తానండి టీచర్ గారండీ, ఆయ్" అన్నాడు. ఇది రాసే టైంకి సాయంత్రం ఆరున్నర. ఇంకా రాలేదు.